పరిశ్రమలు, పెద్ద కంపెనీలు, వలసలు: పిట్స్‌బర్గ్ ఉక్కు మిల్లుల దగ్గర నిలబడి చూస్తే

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. ఎం.ఏ. చరిత్ర సిలబస్‌లో అంతర్యుద్ధం తర్వాతి అమెరికాను మూడు యూనిట్లుగా ఇచ్చారు: పరిశ్రమల ఎదుగుదల, పెద్ద కంపెనీలు, వలసలు. మూడూ చదివినా దేనికదే విడిగా ఉన్నట్టు అనిపిస్తోందన్నారు. కంపెనీలు పెరిగాక వలసలు వచ్చాయా, వలసలు వచ్చాక కంపెనీలు పెరిగాయా అని అడిగారు. వలస కూలీల వల్లే అక్కడి కార్మికుల జీతాలు పడిపోయాయని ఒక గైడులో ఉంది, అది నిజమేనా అన్నారు. ఈ పేపరు చాలా ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి కొంచెం విస్తరంగానే రాస్తాను.

ముందు సూటిగా జవాబు. ఆ మూడు యూనిట్లూ ఒకే కథ. కొత్త యంత్రాలు నిపుణుడైన కార్మికుడి అవసరాన్ని తగ్గించాయి. ఆ యంత్రాలు కొనగలిగిన కంపెనీ పెద్దదైంది, పెద్దదయ్యాక యూనియన్‌ను విరగ్గొట్టగలిగింది. అలా ఖాళీ అయిన, చిన్న చిన్న ముక్కలుగా మారిన పనుల్లోకి యూరప్ పల్లెల నుంచి వచ్చిన రైతుబిడ్డలు చేరారు. ఇక జీతాలు: ఉక్కు పరిశ్రమలో ఎక్కువ నష్టపోయింది నైపుణ్యం ఉన్న కార్మికులు. ఆ నష్టం కంపెనీ ఆఫీసులో తీసుకున్న నిర్ణయం వల్ల జరిగింది. నింద మాత్రం ఓడ దిగినవాడి మీద పడింది. ఇది ఎలా జరిగిందో చూడాలంటే అమెరికా మొత్తాన్ని ఒకేసారి చూడకుండా ఒక్క ఊరిని, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని పిట్స్‌బర్గ్‌ను పట్టుకోండి.

1870కి ముందు ఇనుము పని ఎలా ఉండేదో చూద్దాం. ముడి ఇనుమును కొలిమిలో కరిగించి, పొడవాటి కడ్డీతో కలియబెడుతూ, అందులోని కార్బన్ ఎప్పుడు పోయిందో మంట రంగు, ముద్ద తీరు చూసి చెప్పగలిగినవాడు పడ్లర్. ఆ పని నేర్చుకోవడానికి ఏళ్లు పట్టేది. సహాయకుణ్ణి కూడా తనే పెట్టుకునేవాడు. టన్నుకు ఇంత అని కూలి, అది కూడా ఇనుము ధరతో పాటు పెరిగే తగ్గే లెక్క. యజమాని దగ్గర డబ్బుంది గానీ పని రహస్యం పడ్లర్ చేతిలో ఉంది. అందుకే ఇనుము, ఉక్కు కార్మికుల అమాల్గమేటెడ్ సంఘం ఆ కాలంలో దేశంలోకెల్లా బలమైన కార్మిక సంఘాల్లో ఒకటిగా నిలబడింది.

బెసెమర్ పద్ధతి దీన్ని తలకిందులు చేసింది. కరిగిన ఇనుములోకి గాలి ఊదితే టన్నుల కొద్దీ ఉక్కు నిమిషాల్లో తయారవుతుంది. కానీ ఆ గాలి ఊదే పెద్ద పాత్రలకు (కన్వర్టర్లకు), ఉక్కును పట్టాలుగా, రేకులుగా సాగదీసే రోలింగ్ మిల్లులకు భారీ పెట్టుబడి కావాలి, అవి నిరంతరం నడవాలి, నడవాలంటే సరుకు కొనేవాడు ఖాయంగా ఉండాలి. ఆండ్రూ కార్నెగీకి ఈ లెక్క బాగా తెలుసు. స్కాట్లాండ్‌లోని డన్‌ఫర్మ్‌లిన్‌లో చేనేత కార్మికుడి కొడుకు. ఆవిరి మగ్గాల వల్ల తండ్రి పని పోతే 1848లో కుటుంబమంతా అమెరికా వచ్చింది. పదమూడేళ్ల వయసులో నూలు మిల్లులో వారానికి 1 డాలరు 20 సెంట్లకు పని చేశాడు, తర్వాత పెన్సిల్వేనియా రైల్‌రోడ్‌లో టెలిగ్రాఫ్ ఉద్యోగి అయ్యాడు. 1875లో పిట్స్‌బర్గ్ పక్కన బ్రాడక్‌లో తెరిచిన తన ఉక్కు ప్లాంటుకు ఎడ్గర్ థామ్సన్ వర్క్స్ అని పేరు పెట్టాడు. థామ్సన్ అంటే పెన్సిల్వేనియా రైల్‌రోడ్ అధ్యక్షుడు. ఆ ప్లాంటు తయారు చేసింది రైలు పట్టాలు. పెద్ద కొనుగోలుదారు ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

ప్రభుత్వం పాత్రను కూడా మర్చిపోవద్దు. విదేశీ ఉక్కు పట్టాల మీద టన్నుకు 28 డాలర్ల సుంకం 1870 చట్టంతో వచ్చింది. రైల్వేలకు కోట్ల ఎకరాల భూములు ఉచితంగా ఇచ్చారు. స్వేచ్ఛా మార్కెట్‌లో ఎవరి తెలివితో వాళ్లు ఎదిగారన్న కథ పాఠ్యపుస్తకాల్లో బాగా పాకింది. రికార్డులు చూస్తే సగం కథ అది, మిగతా సగం సుంకాలు, భూదానాలు, కోర్టు ఆర్డర్లు, అవసరమైనప్పుడు సైన్యం. ఫలితం అంకెల్లో చూడండి: అమెరికా ఉక్కు ఉత్పత్తి 1870లో సుమారు 70 వేల టన్నులు, 1880లో 12.5 లక్షల టన్నులు, 1900లో కోటి టన్నులు, 1910లో 2.6 కోట్ల టన్నులు. 1860ల చివర్లో టన్ను 150 డాలర్లు దాటిన ఉక్కు పట్టాల ధర 1890ల చివరికి 20 డాలర్ల లోపుకు పడింది.

ఇప్పుడు ఈ పట్టాలు ఎక్కడికి వెళ్లాయో చూడండి. మీరు అడిగిన "ఏది ముందు" అన్న ప్రశ్నకు కీలకం అక్కడే ఉంది. పట్టాలు డకోటా, కాన్సస్, మిన్నెసోటా మైదానాలకు వెళ్లాయి. అక్కడ పండిన గోధుమ రైలెక్కి, ఓడెక్కి యూరప్ చేరింది. 1870లో లివర్‌పూల్‌లో గోధుమ ధర షికాగో ధర కంటే దాదాపు 58 శాతం ఎక్కువ. 1910ల మొదటికి ఆ తేడా సుమారు 16 శాతానికి తగ్గింది. అంటే రవాణా అంత చవకైంది. బ్రిటన్‌లో గోధుమ ధర 1870ల మొదటి నుంచి 1890ల మధ్యకు సగానికి పైగా పడిపోయింది. ఆ దెబ్బ ఇంగ్లండ్‌తో ఆగలేదు. హంగేరీ, గలీషియా (ఇప్పటి పోలండ్, ఉక్రెయిన్‌ల మధ్య ప్రాంతం), దక్షిణ ఇటలీల్లో చిన్న కమతాల మీద బతికే రైతు కూడా ఆ ధరతోనే పోటీ పడాల్సి వచ్చింది. అప్పటికే జనాభా పెరిగి, అన్నదమ్ముల పంపకాలతో పొలాలు చీలికలై ఉన్నాయి. ఫ్యాక్టరీ సరుకు వచ్చి పల్లె చేతివృత్తులు కూలిపోయాయి. ఇక పన్ను కట్టడానికి, అప్పు తీర్చడానికి నగదు కావాలి. ఆ నగదు దొరికే చోటు పిట్స్‌బర్గ్. అమెరికా ఉక్కు పట్టాలు యూరప్ రైతు బతుకును కదిలించాయి, కదిలిన రైతు వచ్చి అదే ఉక్కు మిల్లులో చేరాడు. ఈ చక్రాన్ని ఒక్కసారి పట్టుకుంటే ఆ మూడు యూనిట్లను మళ్లీ విడదీసి చదవలేరు.

అందరూ ఇదే కారణంతో రాలేదు. రష్యా సామ్రాజ్యంలోని యూదులు 1881 తర్వాత దాడుల నుంచి, అణచివేత చట్టాల నుంచి తప్పించుకుని కుటుంబాలతో వచ్చారు. వాళ్లలో చాలామందికి తిరిగి వెళ్లే ఊరు లేదు. వాళ్ల కథ ఎక్కువగా న్యూయార్క్ బట్టల ఫ్యాక్టరీల్లో నడిచింది. అది వేరే సమాధానం అవుతుంది కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

హోమ్‌స్టెడ్ సంగతికి వద్దాం. ఇదొక్కటి బాగా అర్థమైతే మిగతావి వాటంతటవే కుదురుతాయి. పిట్స్‌బర్గ్‌కు కొద్ది మైళ్ల దూరంలో, మొనొంగహీలా నది ఒడ్డున ఉన్న ఈ ప్లాంటును పోటీదారులు కట్టారు, 1883లో కార్నెగీ కొన్నాడు. 1889లో అక్కడ సమ్మె జరిగి యూనియన్ గెలిచింది. మూడేళ్ల ఒప్పందం కుదిరింది. అది 1892 జూన్ నెలాఖరుకు ముగుస్తుంది. కార్నెగీ ఆ వేసవికి స్కాట్లాండ్ వెళ్లిపోయి వ్యవహారమంతా కంపెనీ నడిపే భాగస్వామి హెన్రీ క్లే ఫ్రిక్‌కు అప్పగించాడు. ప్లాంటులో సుమారు 3,800 మంది పని చేస్తుంటే యూనియన్ సభ్యులు దాదాపు 800 మంది. ఫ్రిక్ అడిగిన కూలి కోత నేరుగా తగిలేది 325 మందికే. అంతమాత్రానికి ఫ్రిక్ ప్లాంటు చుట్టూ ముళ్లకంచెతో ఎత్తైన గోడ ఎందుకు కట్టించాడు? తగువు డబ్బు గురించి మాత్రమే అయితే అంత అవసరం లేదు. ఏ యంత్రం దగ్గర ఎంతమంది ఉండాలి, ఎంత వేగంతో నడవాలి, ఎవరిని తీసెయ్యాలి అన్న నిర్ణయాల్లో యూనియన్ మాట చెల్లకుండా చెయ్యాలి. అసలు లక్ష్యం అది.

జులై 6 తెల్లవారుజామున 300 మంది పింకర్టన్ ప్రైవేటు గార్డులను రెండు బార్జిల్లో నది మీదుగా తీసుకొచ్చారు. ఊరంతా ఒడ్డుకు పరుగెత్తింది. రోజంతా కాల్పులు జరిగాయి. ఏడుగురు కార్మికులు, ముగ్గురు పింకర్టన్‌లు చనిపోయారన్నది సాధారణంగా చెప్పే లెక్క. సాయంత్రానికి గార్డులు లొంగిపోయారు. కొద్ది రోజుల్లోనే గవర్నర్ పాటిసన్ పంపిన 8 వేలకు పైగా మిలిషియా (రాష్ట్ర సైన్యం) వచ్చి ఊరిని ఆక్రమించింది. సైన్యం నీడలో కొత్త కార్మికులను లోపలికి తీసుకెళ్లి పని మొదలుపెట్టారు. నవంబర్ 20న సమ్మె ముగిసింది.

ఇక్కడ విద్యార్థులు తరచుగా వదిలేసే విషయం ఒకటుంది, దయచేసి గుర్తుంచుకోండి. యూనియన్‌లో ఉన్నది ఎక్కువగా ఇంగ్లిష్, వెల్ష్, ఐరిష్, జర్మన్ మూలాల నిపుణులు. స్లోవాక్‌లు, ఇతర తూర్పు యూరప్ కూలీలు సభ్యులు కారు, వాళ్లను చేర్చుకోవాలని సంఘం పెద్దగా ప్రయత్నించలేదు కూడా. అయినా ఆ కూలీలు సమ్మెకు నిలబడ్డారు. నది ఒడ్డున చనిపోయినవాళ్లలో స్లోవాక్‌లు ఉన్నారు. దాదాపు ఐదు నెలలు కూలి లేకుండా గడిపి, చలికాలం మొదలయ్యాక, ఇక మమ్మల్ని పనికి వెళ్లనివ్వండి అని మెకానిక్‌లు, రోజుకూలీలు అడిగారు. అప్పుడు సమ్మె కూలిపోయింది. "వలస కూలీలు సమ్మెలు విరగ్గొట్టారు" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టే పుస్తకాలు వీళ్లకు చేసిన అన్యాయం పెద్దది.

సమ్మె పోయాక ఏం మారింది? ఎనిమిది గంటల షిఫ్టులు ఉన్నచోట కూడా పన్నెండు గంటలు వచ్చాయి. పగటి షిఫ్టు, రాత్రి షిఫ్టు మారే రెండు వారాలకోసారి వరసగా ఇరవైనాలుగు గంటలు పని. బ్లాస్ట్ ఫర్నేసుల (ఖనిజం కరిగించే కొలిముల) దగ్గర వారానికి ఏడు రోజులూ పనే. ఆ ప్లాంటు యాజమాన్యం మళ్లీ యూనియన్‌ను గుర్తించింది 1937 మార్చిలో, అంటే నలభై అయిదేళ్ల తర్వాత. కార్నెగీ స్టీల్ లాభం మాత్రం 1892లో 40 లక్షల డాలర్లు, 1900లో 4 కోట్ల డాలర్లు.

జీతాల ప్రశ్నకు జవాబు ఈ ఊళ్లోనే దొరుకుతుంది. 1892 నుంచి 1907 మధ్య హోమ్‌స్టెడ్ ప్లేట్ మిల్లులో అత్యంత నిపుణులైన కార్మికుల రోజు సంపాదన ఐదో వంతు తగ్గింది, పని గంటలు ఎనిమిది నుంచి పన్నెండుకు పెరిగాయి. అదే కాలంలో రోజుకూలి రేటు గంటకు 14 సెంట్ల నుంచి 16.5 సెంట్లకు కొంచెం పెరిగింది. వలస వచ్చినవాడు చేరింది రోజుకూలి పనిలో. వలస పోటీ ఒక్కటే కారణమైతే ముందు పడాల్సింది ఆ రేటు. పడింది పై మెట్టు మీదివాళ్లది, యంత్రం వచ్చి యూనియన్ పోయిన చోట.

దీని అర్థం వలసల ప్రభావం శూన్యమని కాదు. దేశం మొత్తం మీద చూస్తే, అన్ని లక్షల మంది రాకపోయి ఉంటే 1910 నాటికి నైపుణ్యం లేని కూలీల వేతనం మరికొంత ఎక్కువ ఉండేదని ఆర్థిక చరిత్రకారులు చాలామంది లెక్కలు కట్టారు. నేను ఆ మాటను ఒప్పుకుంటాను. గేటు బయట రోజూ జనం నిలబడి ఉన్నప్పుడు లోపలివాడు బేరమాడలేడు. అయితే స్థానిక కార్మికుల్లో చాలామంది ఫోర్‌మన్‌లుగా, గుమాస్తాలుగా, మెకానిక్‌లుగా పైకి వెళ్లారు. పరీక్షలో ఈ రెండు వైపులూ రాయండి, కానీ ఉక్కు పరిశ్రమలో వేతన కోత ఎవరి చేతుల మీదుగా జరిగిందో స్పష్టంగా రాయండి.

వచ్చినవాళ్లు ఎలా బతికారన్నది పాఠ్యపుస్తకాల్లో రెండు లైన్లకు మించదు. 1907 మార్చిలో పిట్స్‌బర్గ్ ఉన్న అలెగెనీ కౌంటీలోని కార్నెగీ ప్లాంట్లలో రోజుకూలీలు 14,359 మంది ఉంటే వాళ్లలో 11,694 మంది తూర్పు యూరప్ వాళ్లు. వీళ్లను కుదిర్చింది ఎక్కువగా సొంత ఊరివాళ్లే. ముందు వెళ్లినవాడు ఉత్తరం రాస్తాడు, డబ్బు కట్టిన ఓడ టికెట్ పంపుతాడు, ఫోర్‌మన్‌కు చెప్పి గేటు దగ్గర నిలబెడతాడు. ఇటాలియన్లలో పద్రోనే అనే మధ్యవర్తి ఉండేవాడు. మనకు తెలిసిన పోలిక చెప్పాలంటే, దాదాపు అదే కాలంలో కోస్తా ఆంధ్ర నుంచి రంగూన్ బియ్యం మిల్లులకు, రేవుకు కూలీలను తీసుకెళ్లిన మేస్త్రీ లాంటివాడు: అడ్వాన్సు ఇస్తాడు, పని చూపిస్తాడు, కూలిలో తన వాటా కోసుకుంటాడు.

హోమ్‌స్టెడ్‌లో పెళ్లయిన ఒక కార్మికుడు రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకుని ఒంటరిగా వచ్చినవాళ్లను పెట్టుకునేవాడు. అతన్ని బోర్డింగ్ బాస్ అనేవారు. ఒక్కొక్కరు నెలకు సుమారు 3 డాలర్లు ఇస్తే పడక, వంట, బట్టలు ఉతకడం అన్నీ అందులోనే. తిండి సరుకుల ఖర్చు వేరేగా పంచుకునేవారు. పగటి షిఫ్టువాడు లేచిన మంచం మీద రాత్రి షిఫ్టువాడు పడుకునేవాడు. ఈ ఏర్పాటు మొత్తం ఆ ఇంటి ఇల్లాలి మీద నడిచేది. బయట పంపు నుంచి నీళ్లు మోసి, పిల్లల్ని చూసుకుంటూ, రెండు షిఫ్టుల మనుషులకు వేళ తప్పకుండా వండి, మసి పట్టిన బట్టలు ఉతికేది. ఆమెకు కంపెనీ హాజరు పట్టీలో పేరు లేదు. గంటకు 16 సెంట్లతో మనిషి బతకగలిగాడంటే, ఆ తక్కువ కూలి సాధ్యమైందంటే, ఆమె చేసిన కూలి లేని చాకిరీ కూడా ఒక కారణం. ఉక్కు చవకగా ఎలా తయారైందన్న లెక్కలో ఈమెను కూడా వెయ్యాలని నేను ప్రతి బ్యాచ్‌కూ చెప్పేవాణ్ణి.

ఇంత కష్టాన్ని ఎందుకు ఒప్పుకున్నారు? చాలామంది ఉండిపోవడానికి రాలేదు. రెండు మూడేళ్లు సంపాదించి, ఊళ్లో అప్పు తీర్చి, నాలుగు ఎకరాలు కొని తిరిగి వెళ్దామని వచ్చారు. ఇటాలియన్లలోనైతే మూడో వంతు నుంచి సగం దాకా తిరిగి వెళ్లినట్టు అంచనాలున్నాయి. తాత్కాలికంగా వచ్చినవాడు పన్నెండు గంటలు భరిస్తాడు, ఎక్కువ గంటలు దొరికితే సంతోషిస్తాడు కూడా. కంపెనీలకు ఇది బాగా కలిసొచ్చింది. ఉండిపోవాలని నిర్ణయించుకుని, భార్యాపిల్లల్ని తెచ్చుకున్న తర్వాత అదే మనిషి సమ్మెకు దిగాడు. ఇదే 1919లో కనిపిస్తుంది.

ప్రాణాల లెక్క కూడా చెప్పాలి. 1906 జులై నుంచి 1907 జూన్ వరకు ఒక్క ఏడాదిలో అలెగెనీ కౌంటీలో పని ప్రమాదాల్లో 526 మంది చనిపోయారు. వాళ్లలో 195 మంది ఉక్కు కార్మికులు. పెన్సిల్వేనియాలో కార్మిక నష్టపరిహార చట్టం 1915 దాకా రాలేదు. అప్పటిదాకా ఏం కావాలన్నా కోర్టులో దావా వేసి కంపెనీ తప్పు రుజువు చెయ్యాలి. భార్య యూరప్‌లో ఉంటే ఆ దారి కూడా లేదు. భర్త పెన్సిల్వేనియాలో రైలు ప్రమాదంలో చనిపోతే ఇటలీలో ఉన్న ఒక భార్య వేసిన దావాను, విదేశంలో ఉండే విదేశీయులకు ఆ రాష్ట్ర చట్టం హక్కు ఇవ్వదన్న కారణంతో కోర్టులు కొట్టేశాయి. 1909లో సుప్రీంకోర్టు కూడా దాన్నే సమర్థించింది. వలస కార్మికుడి ప్రాణం కంపెనీకి ఎందుకు చవకైందో తెలుసుకోవడానికి ఇంతకంటే బలమైన ఉదాహరణ నాకు తెలియదు.

పెద్ద కంపెనీల యూనిట్‌లో మీరు తప్పక రాయాల్సింది 1901. కార్నెగీ తన కంపెనీని 48 కోట్ల డాలర్లకు అమ్మాడు. బ్యాంకర్ జె.పి. మోర్గాన్ దాన్ని మరికొన్ని ఉక్కు కంపెనీలతో కలిపి యు.ఎస్. స్టీల్‌ను నిలబెట్టాడు. మూలధనం 140 కోట్ల డాలర్లు, వంద కోట్లు దాటిన మొదటి కంపెనీ అది. దేశంలోని ఉక్కులో దాదాపు మూడింట రెండు వంతులు దాని చేతిలోకి వెళ్లింది. గుత్తాధిపత్యాన్ని అడ్డుకునే 1890 నాటి షెర్మన్ యాంటీ ట్రస్ట్ చట్టం ఉంది కదా అంటారు. ఆ చట్టాన్ని మొదటి ఏళ్లలో కార్మిక సంఘాల మీద కూడా వాడారు. 1911లో చమురు కంపెనీ స్టాండర్డ్ ఆయిల్‌ను విడగొట్టారు గానీ 1920లో సుప్రీంకోర్టు యు.ఎస్. స్టీల్‌ను అలాగే ఉండనిచ్చింది.

1919 సెప్టెంబర్ 22న ఉక్కు కార్మికులు దేశమంతటా సమ్మెకు దిగారు. సుమారు మూడు లక్షల మందికి పైగా పాల్గొన్నారు. ముందు వరసలో నిలబడింది వలస కార్మికులే. పిట్స్‌బర్గ్ పత్రికల్లో "తిరిగి పనికి వెళ్లండి" అని అనేక భాషల్లో ప్రకటనలు వచ్చాయి. కంపెనీల కోసం పనిచేసే ఒక డిటెక్టివ్ సంస్థ, సెర్బియన్లకు ఇటాలియన్లకు మధ్య వీలైనంత ద్వేషం రగిలించమని తన మనిషికి రాసిన ఉత్తరం బయటపడింది. ఈ పద్ధతి కొత్తది కూడా కాదు. బ్రాడక్ ప్లాంటు సూపరింటెండెంట్ బిల్ జోన్స్ 1875లోనే, వేర్వేరు జాతులవాళ్లను తెలివిగా కలిపి పెడితే మాట వినే బలగం తయారవుతుందని రాశాడు. 1920 జనవరిలో సమ్మె ఓడిపోయింది. పన్నెండు గంటల షిఫ్టు 1923లో గానీ పోలేదు, అది కూడా అధ్యక్షుడు హార్డింగ్ ఒత్తిడి వల్ల.

ఇక వలసలకు తలుపులు మూసిన కథ. 1907లో ఒక్క ఏడాదిలో 12,85,349 మంది వచ్చారు. 1910లో జనాభాలో దాదాపు 15 శాతం విదేశాల్లో పుట్టినవాళ్లు. అక్షరాస్యత పరీక్ష పెట్టాలన్న బిల్లును అధ్యక్షులు క్లీవ్‌లాండ్, టాఫ్ట్, విల్సన్ వీటో చేస్తే 1917లో కాంగ్రెస్ వీటోను దాటి చట్టం చేసింది. 1921లో కోటాలు వచ్చాయి. 1924 చట్టం ఒక్కో దేశానికి 1890 జనాభా లెక్కల్లో ఆ దేశస్థులు ఎంతమంది ఉన్నారో అందులో 2 శాతం అని నిర్ణయించింది. అప్పుడు చేతిలో 1910, 1920 లెక్కలు ఉండగా 1890 ఎందుకు? ఇటాలియన్లు, స్లావ్‌లు, యూదులు పెద్ద సంఖ్యలో రాకముందు తీసిన లెక్క కాబట్టి. ఇటలీ కోటా 42,057 నుంచి 3,845కు పడిపోయింది. ఈ ఆంక్షలను ఎవరు కావాలనుకున్నారు? కార్మిక సమాఖ్య నాయకుడు శామ్యూల్ గాంపర్స్, తనూ లండన్‌లో పుట్టి వచ్చినవాడే, ఆంక్షలను సమర్థించాడు. ఫ్యాక్టరీ యజమానుల సంఘాలు చాలాకాలం వ్యతిరేకించాయి. తర్వాత కంపెనీలు వేరే దారి చూసుకున్నాయి. ప్రపంచ యుద్ధంతో ఓడలు ఆగినప్పటి నుంచే దక్షిణాది నల్లజాతి కార్మికులను ఉత్తరాది మిల్లులకు రప్పించడం మొదలైంది. 1923లో బెత్లెహెం స్టీల్ టెక్సస్ నుంచి మెక్సికన్ కార్మికులను పెన్సిల్వేనియాకు తీసుకొచ్చింది. 1924 కోటాలు మెక్సికోకు వర్తించలేదని గమనించండి.

ఆసియావాళ్లకు తలుపు అంతకు చాలా ముందే మూశారు. సెంట్రల్ పసిఫిక్ రైలు మార్గం కట్టిన కూలీల్లో అత్యధికులు చైనీయులు. 1869లో లైను పూర్తయింది, 1882లో చైనా కూలీలను నిషేధించారు. భారతదేశాన్ని కూడా కలిపి నిషేధ మండలం గీసింది 1917 చట్టం. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఆ 1920ల మొదట్లోనే హార్వర్డ్‌కు చదువుకోవడానికి వెళ్లారు. 1940లో అమెరికన్ సయనమిడ్ అనే పెద్ద కంపెనీకి చెందిన లెడర్లీ ప్రయోగశాలలో చేరారు, అక్కడ పరిశోధనలకు నాయకత్వం వహించారు. 1946లో చట్టం మారేదాకా ఆయనకు అమెరికా పౌరసత్వం అడిగే హక్కు లేదు. రెండేళ్లకు, 1948లో, ఆయన చనిపోయారు. ఇటలీ కోటా గురించి రాసేటప్పుడు ఏడాదికి 3,845 మంది అయినా రాగలిగారన్నది, మనవాళ్లకు 1946 చట్టం ఇచ్చిన కోటా 100 అన్నది పక్కపక్కన పెట్టి చూడండి. దేశాల వారీ కోటాలను రద్దు చేసింది 1965 చట్టం.

చివరగా, మీరు పక్కన అడిగిన చిన్న ప్రశ్న: అప్పటి వలసలను ఇప్పటి హెచ్-1బి ఉద్యోగ వీసాతో పోల్చవచ్చా? పోల్చవచ్చు గానీ ఒక పెద్ద తేడా రాయండి. 1864లో కాంగ్రెస్ ఒప్పంద కూలీలను తెచ్చుకోవడానికి అనుమతి ఇచ్చింది, నాలుగేళ్లకే ఆ చట్టాన్ని రద్దు చేసింది. కార్మిక సంఘాల ఒత్తిడితో 1885లో ఏకంగా నిషేధించింది. కొన్ని మినహాయింపులు తప్ప, ముందే ఉద్యోగం కుదుర్చుకుని వచ్చినవాణ్ణి తిప్పి పంపొచ్చు. అందుకని న్యూయార్క్ రేవులో వలసదారులను తనిఖీ చేసే ఎల్లిస్ ఐలాండ్‌లో అధికారి "నీకు పని సిద్ధంగా ఉందా?" అని అడిగితే వచ్చినవాడికి టెన్షన్. ఉందంటే ఒప్పంద కూలీ అంటారు, బతికే దారి లేదంటే ప్రభుత్వానికి భారమవుతాడంటారు. ఒళ్లు వంచి పని చెయ్యగలను, పని వెతుక్కుంటాను అనాలి. 1990 చట్టంతో వచ్చిన హెచ్-1బిలో పద్ధతి పూర్తిగా తిరగబడింది: కంపెనీ పిటిషన్ వెయ్యకపోతే దేశంలోకి రావడమే కుదరదు. ఉక్కు మిల్లులో చేరిన స్లోవాక్ యువకుడికి పింఛను లేదు, ప్రమాదానికి పరిహారం లేదు. కానీ ఫోర్‌మన్ నచ్చకపోతే మర్నాడు నది అవతలి మిల్లు గేటు దగ్గర నిలబడే వీలుంది, వీసా పోతుందన్న భయం లేదు. ఇప్పటి ఇంజినీరుకు మంచి జీతం ఉంది, చట్టాల రక్షణ ఉంది, ఉద్యోగం పోతే మాత్రం గడువు లోపల మరో యజమానిని వెతుక్కోవాలి. ఎవరికి ఏ హక్కు ఉంది, ఏది లేదు అని విడివిడిగా రాస్తే ఆ పోలిక నిలబడుతుంది.